చిల్లర డబ్బుల వంటిల్లు

నవంబరు వస్తే చాలు, న్యూజెర్సీలో మా ఇంటి పోస్టుడబ్బాలో ఒక రకం కవర్లు పడడం మొదలవుతుంది. పైన టర్కీ కోడి బొమ్మ, లోపల ఒక చీటీ. ఒకరి భోజనానికి ఇన్ని డాలర్ల ఇన్ని సెంట్లు, పదిమందికైతే ఇంత, యాభైమందికైతే ఇంత అని గడులు గీసి ఉంటాయి. వచ్చిన కొత్తలో ఆ సెంట్ల దగ్గరే నా చూపు ఆగిపోయేది. మన దగ్గర గుడి అన్నదానానికి చందా అంటే నూటపదహార్లో, వెయ్యినూటపదహార్లో రాయిస్తాం. విస్తరిలోని అన్నానికి పైసలతో సహా ధర కట్టి అడగడం నాకు ఒక పట్టాన మింగుడుపడలేదు. ఆ కవర్ల వెనక ఎవరున్నారు, ఈ లెక్కలు ఎప్పటివి అని చదువుకుంటూ పోతే, చివరికి మన్‌హాటన్‌లో బవరీ అనే వీధిలో 227వ నంబరు భవనంలో ఉన్న బవరీ మిషన్ అనే క్రైస్తవ సేవాసంస్థ దగ్గర తేలాను.

ఇప్పుడు చూస్తే ఆ వీధి సంపన్నంగా ఉంటుంది. మిషన్ పక్కనే సమకాలీన కళాఖండాల కోసం కట్టిన న్యూ మ్యూజియం, ఎదురుగానూ చుట్టుపక్కలా అద్దాల హోటళ్ళు. కానీ న్యూయార్క్‌లో వందేళ్ళకు పైగా ‘బవరీ’ అంటే బతుకు చెడినవాళ్ళు చేరే చోటని అర్థం. 1878లో ఆ వీధి నెత్తిమీద ఇనుప వంతెన వేసి రైలు నడిపారు. కింద పగలు కూడా మసక వెలుతురే. పైనుంచి నిప్పురవ్వలు, నూనె చుక్కలు. కాస్త ఉన్నవాళ్ళంతా వేరే వీధులకు వెళ్ళిపోగా సారా దుకాణాలు, తాకట్టు కొట్లు, రాత్రికి కొన్ని సెంట్లిస్తే చెక్క బల్లమీదో జాలి గదిలోనో పడుకోనిచ్చే సత్రాలు మిగిలాయి. అంతర్యుద్ధం నుంచి తిరిగొచ్చి ఎక్కడా కుదురుకోలేని సైనికులు, 1873 ఆర్థిక సంక్షోభంలో పని పోయినవాళ్ళు, ఓడ దిగి దారి తప్పిన వలసవాళ్ళు, తాగుడుకు బానిసలైనవాళ్ళు, అందరూ అక్కడే. వాళ్ళ కోసం 1879లో ఆల్బర్ట్ రులిఫ్సన్ అనే పాదిరీ, ఆయన భార్య కలిసి ఒక అద్దె గదిలో మిషన్ పెట్టారు. అమెరికా చర్చిల్లో ఈనాటికీ పాడుకునే వేల కీర్తనలు రాసిన అంధ కవయిత్రి ఫానీ క్రాస్బీ అక్కడికి వచ్చి, ఆ మనుషుల మధ్య కూర్చుని మాట్లాడేది.

మంచి మనసున్నవాళ్ళు పెట్టిన ఇలాంటివి ఎన్నో పదేళ్ళలో మూతపడతాయి. ఇదీ 1895 నాటికి అప్పుల్లో కూరుకుపోయింది. అప్పుడు దాన్ని చేతిలోకి తీసుకున్న మనిషి లూయీ క్లాప్ష్. నాకు ఈ కథలో ఆయనే ముఖ్యుడు. జర్మనీలో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా వచ్చాడు. పత్రికావ్యాపారంలో ఎదిగి ‘క్రిస్టియన్ హెరాల్డ్’ అనే వారపత్రికను కొన్నాడు. బైబిల్లో ఏసు మాటలను ఎర్ర అక్షరాల్లో అచ్చువేసే పద్ధతి కూడా ఈయన తెచ్చిందే. ఆయనకొక విషయం బాగా తెలుసు. ఊళ్ళోని నలుగురు షావుకార్లను పట్టుకుంటే నాలుగుసార్లు ఇస్తారు, ఐదోసారి తలుపు వేసుకుంటారు. అదే దేశమంతటా పొలాల మధ్య పాడి పశువులతో బతికే పాఠకులను అడిగితే, ఒక్కొక్కరూ ఇచ్చేది కొద్దిగానే అయినా అది ఆగదు. పది సెంట్లు పంపినా పంపినవారి పేరు పత్రికలో పడేది. చిల్లర లెక్కలకున్న బలం నాకు అక్కడ అర్థమైంది. ధర పెద్దదైతే పేదవాడు దాత కాలేడు. ఒక పూట భోజనం ఖరీదు ఇంత అని చెప్పినప్పుడు, పాలు అమ్ముకునే ఇల్లాలు కూడా తన వంతు ఒక మనిషికి పెట్టగలుగుతుంది.

బవరీ అన్నానికి డబ్బు పంపిన ఆ పాఠకులే మన దేశానికీ గింజలు పంపారు. 1897 కరువులోనూ, మళ్ళీ 1900 కరువులోనూ క్లాప్ష్ తన పత్రికలో భారతదేశంలోని ఆకలి గురించి వారం వారం రాశాడు. రెండోసారి స్వయంగా వెళ్ళి చూశాడు కూడా. 1900 మే నెలలో ‘క్విటో’ అనే ఓడ రెండు లక్షల బుషెళ్ళ మొక్కజొన్నతో, అంటే సుమారు 5,000 టన్నులతో, న్యూయార్క్ రేవు నుంచి బొంబాయికి బయలుదేరింది. ఓడ బాడుగ అమెరికా ప్రభుత్వం పెట్టుకుంది. గింజలు మాత్రం పాఠకులవి. ఐయోవాలోనో కాన్సాస్‌లోనో మంచుతో పోరాడుతూ సేద్యం చేసే రైతు, పేరు కూడా సరిగా పలకలేని గుజరాత్ పల్లెలో పిల్లవాడి కోసం కొంత తీసి పక్కన పెట్టాడన్నది చదివినప్పుడు నా కళ్ళు చెమర్చాయి. ఆ కరువులో వలస ప్రభుత్వం ఏ ధోరణిలో ఉందో మనకు తెలుసు. అందుకే ఆ ఓడ నాకు ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది.

ఇదంతా చదువుతున్నంతసేపూ నాకు డొక్కా సీతమ్మగారే గుర్తొచ్చారు. మాది కోనసీమ. మా అమ్మమ్మ అన్నం కలుపుతూ ఆవిడ కథే చెప్పేది. లంకల గన్నవరంలో వైనతేయ దాటి వచ్చేవాళ్ళకు, వెళ్ళేవాళ్ళకు, వరదలో ఇల్లు మునిగినవాళ్ళకు, ఏ వేళ వచ్చినా, ఏ కులమైనా, ఆవిడ భర్త జోగన్నగారింట్లో ఆకు పడేది. ఒకసారి అంతర్వేది స్వామిని చూడాలని బయలుదేరిన సీతమ్మగారు దారిలో విశ్రాంతికి ఆగారట. పక్కన ఒక పెళ్ళివారి గుంపు. పిల్లలు ఆకలని ఏడుస్తుంటే, ‘ఇంకాస్త ఓర్చుకోండి, గన్నవరం చేరితే సీతమ్మగారు పెడతారు’ అని పెద్దవాళ్ళు సముదాయిస్తున్నారు. ఆ మాట చెవిన పడగానే దర్శనం మానుకుని, వాళ్ళకంటే ముందు ఇల్లు చేరి పొయ్యి ముట్టించారు. ఏడో ఎడ్వర్డు పట్టాభిషేక వార్షికోత్సవానికి పిలుపొస్తే రానన్నారనీ, ఆవిడ ఫొటోనైనా పట్టుకెళ్ళి కుర్చీలో పెట్టి గౌరవించారనీ మా వైపు చెబుతారు. ఆ ఎడ్వర్డు ఏలుబడిలోనే కరువు సాయానికి గుర్తుగా క్లాప్ష్‌కి కైసర్-ఎ-హింద్ పతకం వచ్చింది. ఒకరిది గోదావరి లంక, ఇంకొకరిది న్యూయార్క్ అచ్చాఫీసు. ఒకరి సంగతి మరొకరికి తెలిసి ఉండదు.

పోలిక ఇక్కడితో ఆపబుద్ధి కావడం లేదు. సీతమ్మగారు పెట్టింది తమ పొలంలో పండింది, తమ చేత్తో వండింది. తినేవాడి ముఖం ఆవిడ చూసేవారు. వడ్డించేటప్పుడు ఇంకొంచెం అని అడగలేని మొహమాటస్థుణ్ణి కనిపెట్టేవారు. బవరీకి పది సెంట్లు పంపిన కాన్సాస్ ఇల్లాలికి ఆ భాగ్యం లేదు. ఆమె పంపిన నాణెం ఎవరి కాఫీగా మారిందో ఆమెకు ఏనాటికీ తెలియదు. ఆ మాట అనుకున్నప్పుడు నా మనసు గన్నవరం వైపే మొగ్గుతుంది. కానీ సీతమ్మగారి చేతి వంట 1909లో ఆవిడతోనే వెళ్ళిపోయింది. ఆమె పేరు పి.గన్నవరం అక్విడక్టుకు పెట్టారు, ఈమధ్య బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ పెట్టారు. ఇక్కడ క్లాప్ష్ 1910లో పోయాడు, ఆయన పత్రిక 1992లో ఆగిపోయింది. వంట ఆగలేదు. ఒక్క ఇంటి గాదె మీద ఆధారపడలేదు కనుకనే ఆగలేదని నా నమ్మకం.

సీతమ్మగారు కన్నుమూసిన ఆ 1909లోనే మిషన్ ఇప్పుడున్న భవనంలోకి మారింది. అంతకుముందు అది శవపేటికలు తయారుచేసిన కట్టడం. లోపల చిన్న ప్రార్థనాలయం కట్టి, రంగు అద్దాల కిటికీల్లో తప్పిపోయి ఇల్లు చేరిన కొడుకు కథను చిత్రించారు. ఆ డిసెంబరులో దేశాధ్యక్షుడు టాఫ్ట్ వచ్చి, ఆ బల్లల మీద కూర్చున్నవాళ్ళతో మాట్లాడి వెళ్ళాడు. చలికాలం అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకు తలుపు తీసి, వీధి పొడుగునా నిలబడినవాళ్ళకు కాఫీ, రొట్టె ఇచ్చేవారు. ఒంటిగంటే ఎందుకంటే, పడుకోవడానికి చోటు ఉన్నవాడు ఆ వేళకు లేచి రాడు.

ఒక ఇబ్బంది కూడా చెప్పాలి. మిషన్ అన్నాక ప్రసంగం ఉంటుంది. ఆకలితో వచ్చినవాడు ముందు ప్రార్థనలో కూర్చుని తర్వాత పళ్ళెం అందుకోవడం ఇలాంటి చోట్ల పాత అలవాటు. నాకది నచ్చదు. అన్నానికి ముందు ఏ షరతూ ఉండకూడదన్న నేల మీద పెరిగినవాణ్ణి. అయితే ఇదే ప్రశ్న మన ఒంగోలులో 1876-78 నాటి ధాత కరువులో అక్కడి మిషనరీ క్లౌ దొరకు ఎదురైన సంగతీ మరవలేను. ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి పని కల్పించాడు. ఆ సాయం నడుస్తున్నన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు, కూటికోసం మతం మారారన్న మాట రాకూడదని. బవరీలో నేను గౌరవించేది కూడా ఆ నిగ్రహం కనిపించిన చోటే. వరసలో నిలబడినవాణ్ణి ‘నువ్వెవరు, ఎందుకిలా అయ్యావు’ అని అడగకుండా పళ్ళెం చేతికివ్వడం అక్కడ చూశాను.

ఇక వంట ఎలా నడుస్తుందన్నది. డబ్బు ఒక దారి, సరుకు ఇంకో దారి, చేతులు మూడో దారి. దానంగా ఇచ్చిన డబ్బుకు ఆదాయపు పన్నులో మినహాయింపు 1917 నుంచే ఉంది. అందుకే డిసెంబరు చివరి వారంలో చెక్కులు ముమ్మరంగా వస్తాయి. సరుకు సంగతి ఇంకా ఆసక్తికరం. 1982లో న్యూయార్క్‌లో సిటీ హార్వెస్ట్ అనే సంస్థ మొదలైంది. హోటళ్ళలో, కొట్లలో మిగిలిన మంచి తిండిని పారేయనివ్వకుండా లారీల్లో సేకరించి, నగరంలోని ఇలాంటి వంటిళ్ళకు చేరుస్తుంది. ఇచ్చినవాళ్ళకు ఒకప్పుడు ఒక భయం ఉండేది, తిన్నవాడికి ఏమైనా అయితే కోర్టుకు లాగుతారేమోనని. 1996లో బిల్ ఎమర్సన్ పేరిట వచ్చిన చట్టం, మంచి మనసుతో ఇచ్చిన ఆహారానికి ఆ భయం తీర్చింది. పెళ్ళిళ్ళలో మిగిలిన అన్నం అర్ధరాత్రి ఎవరికివ్వాలో తెలియక పారబోసే మన కల్యాణమండపాలకు ఇలాంటి లారీలు, ఇలాంటి చట్టం ఉంటే ఎంత బాగుండు.

చేతుల సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం. సాయానికి వెళ్ళినవాళ్ళకు తలకు జాలి టోపీ, చేతులకు తొడుగులు, ముందు ఏప్రన్. పక్కన ఉల్లిపాయలు తరిగేవారు బ్యాంకు ఉద్యోగి కావచ్చు, రిటైరైన టీచరు కావచ్చు, ఒకప్పుడు ఇదే వరసలో నిలబడి తిన్నవారు కావచ్చు. ఇలాంటి మిషన్లలో ఆ మూడోరకం వాళ్ళ మాటకే ఎక్కువ విలువ. గిన్నెలు ఎలా తోమాలో, ఎవరితో మాట్లాడకుండా పళ్ళెం పెట్టి తప్పుకోవాలో, ఎవరి దగ్గర రెండు నిమిషాలు ఆగి పలకరించాలో వాళ్ళకు తెలుసు. కాన్సాస్ ఇల్లాలికి కనిపించని ముఖాన్ని ఈ వాలంటీరు ఆమె తరఫున చూస్తున్నాడని నాకనిపిస్తుంది.

ఇంత ఇచ్చే ఊళ్ళో వరస ఎందుకు తరగడంలేదు? ఈ ప్రశ్న ప్రతిసారీ నన్ను వేధిస్తుంది. 1979లో రాబర్ట్ హేస్ అనే యువ న్యాయవాది, బవరీలో వీధిన పడ్డ రాబర్ట్ కాలహన్ అనే మనిషి తరఫున నగరం మీద దావా వేశాడు. 1981లో నగరం దిగొచ్చి, ఇల్లులేక వచ్చి అడిగిన మగవాళ్ళకు రాత్రి తలదాచుకునే చోటు ఇస్తానని కోర్టులో ఒప్పుకుంది. ఆ ఒప్పందం చూడకముందే కాలహన్ వీధిలోనే చనిపోయాడు. ఒక వంటిల్లు ఎన్ని వేల పళ్ళేలు పెట్టినా, ఇంటి అద్దె తగ్గించలేదు. వీధి వైభవం పెరిగేకొద్దీ ఆ వీధిలో చౌకగా పడుకునే పాత సత్రాలు ఒక్కొక్కటే పోయాయి. పక్కన మ్యూజియానికి టికెట్టు కొనే వరస, ఇక్కడ అన్నానికి వరస. ఆ రెండూ ఒకేసారి చూసిన రోజు రైల్లో ఇంటికి వస్తూ ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు.

చలి ముదిరినప్పుడు నాకు ఇంటిమీద బెంగ ఎక్కువవుతుంది. భోగి మంట లేని జనవరి, కొబ్బరాకుల మధ్య నుంచి వెలుగు పడని పొద్దులు. అలాంటప్పుడు ఇతరుల కోసం వండే వంటిల్లు ఒకటి దగ్గర్లో ఉండటం ఎంత ఊరటో ఇక్కడివాళ్ళకు చెప్పినా అర్థం కాదేమో. పెద్ద గిన్నెలో గరిటె తిప్పుతున్న చప్పుడు, ఉడికిన బంగాళాదుంపల వాసన, ‘ఇంకా ఎంతమంది ఉన్నారు?’ అని లోపలినుంచి ఎవరో అరవడం. మా ఊరి కార్తీక సమారాధనల్లో ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో.

థాంక్స్‌గివింగ్‌కు, క్రిస్మస్‌కు సాయానికి వచ్చేవాళ్ళ జాబితాలు చాలా ముందే నిండిపోతాయి. ఫిబ్రవరిలో మాత్రం, అంటే చలి బాగా పట్టి ఉన్న నెలలో, మనుషులు కరువు. సంక్రాంతి సంబరాలకు మా తెలుగువాళ్ళం వందల్లో చేరతాం కదా, ఆ హడావుడి అయిపోయాక ఫిబ్రవరి శనివారాలకు పేర్లివ్వమని అందరినీ అడుగుతున్నాను. మా వీధిలో రెండు కుటుంబాలు ఇచ్చాయి. ఎడిసన్‌లో కొడుకు దగ్గరుంటున్న మా పెద్దమ్మ పులిహోర చేసి పంపిస్తానంది. ‘ఇంట్లో వండింది తీసుకోరు పెద్దమ్మా, అక్కడికే వచ్చి ఉల్లిపాయలు తరగాలి’ అన్నాను. ఎన్ని గంటలకు రైలు అని అడిగింది. ఆవిడ పేరు కూడా రాయించాను.