పసులకాపరి శిలాస్తంభము

ఇంగ్లండు దేశమున యార్కుషైరు తూర్పుతీరమందు విట్బీ యను రేవుపట్టణము గలదు. సముద్రముమీఁదికిఁ జూచుచున్న కొండపైఁ బాడువడిన మఠమును, దానిచెంత సెయింటు మేరీ దేవాలయమును నున్నవి. 199 రాతిమెట్లెక్కి యా దేవాలయప్రాంగణముఁ జేరినవారికి, సుమారు 20 అడుగుల యెత్తుగల శిలువ యాకారపు శిలాస్తంభ మొకటి కాననగును. దానిని 1898లోఁ బ్రతిష్ఠించిరి. క్రీస్తు, దావీదు రాజు, హిల్డ, కేడ్మను అను నలువుర విగ్రహములు దానిపైఁ జెక్కఁబడియున్నవి. మొదటి యిరువురు లోకమెఱిఁగినవారు. కడపటి యిరువురు ఆ యూరివారు.

హిల్డ 614లో రాజవంశమునఁ బుట్టినది. 657లో నీ కొండపై మఠమును స్థాపించి, స్త్రీలకును బురుషులకును దానే యధ్యక్షురాలై విద్య గఱపినది. ఆమె శిక్షణమునఁ దేఱినవారిలో నైదుగురు బిషప్పులైరి. 664లో ఈస్టరు పండుగ గణనముఁగూర్చిన మహాసభ యీ మఠముననే జరిగెను.

కేడ్మను పసులఁ గాచువాఁడు. విందులలో వీణ తనచేతికి వచ్చుచున్నదని చూచినంతనే సిగ్గుపడి లేచిపోవువాఁడు. అట్లు పోయి యొకరాత్రి పసులకొట్టమున నిద్రింపఁగాఁ, గలలో నెవరో పాడుమనిరఁట. సృష్టికర్తను స్తుతించు గీతము వానినోట వెలువడెనఁట. మఱునాఁడు హిల్డ వానిని బండితుల యెదుటఁ బాడించి పరీక్షించి, మఠమునఁ జేర్చుకొని, పవిత్రగ్రంథకథలను జెప్పించినది. వాఁడు విన్నదానిని నెమరువేసి స్వభాషలోఁ బద్యముగాఁ బాడఁగా, గురువులే శ్రోతలైరి.

ఈ వృత్తాంతమును మనకుఁ దెలిపినవాఁడు బీడ్ పండితుఁడు. 731లో ముగించిన తన చరిత్రమున నతఁడు గీతభావమును లాటినునందు మాత్రమే యిచ్చి, పద్యమును మాటకుమాటగా మార్చినచో సొగసు చెడునని యొప్పుకొనెను. కాపరి పలికిన మూలపదములను లేఖకులు ప్రతుల యంచులందును జివరలందును వ్రాసియుంచిరి. అంచునఁ బ్రాణము నిలుపుకొన్న యా మాటలే పండ్రెండువందల యేండ్లకు శిలకెక్కినవి.

కల నిజమో కాదో విచారించుట మనకుఁ బ్రధానము కాదు. పసులకొట్టమునుండి వచ్చిన పాటను రాజకుమారి యొకతె చెవియొగ్గి విన్నది. పండితులు వానిని దరిమివేయలేదు. ఆ వినికిడియే లేనిచో నా రాయియు లేదు. మన యిండ్లలో దంపుళ్లయొద్దను, బొలాలలో నేతాలయొద్దను బాడినవారి పాటలెన్నియో వినువారు లేక వారితోనే మట్టిగలిసినవి. చచ్చినవారికి శిలలు నిలుపుట సులభము. బ్రతికియుండఁగానే పేదవానిమాట వినుట కష్టము. హిల్డ చేసినది యా కష్టమైన పని.