బహ్రెయిన్ టెలికాం విపణి, మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ చరిత్ర

గల్ఫ్ జలాల మధ్య సుమారు 780 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం ఉన్న ద్వీప రాజ్యం బహ్రెయిన్. 2020 జనగణన ప్రకారం జనాభా 15,01,635. అందులో సగానికి పైగా, అంటే 7,89,273 మంది విదేశీయులే. గల్ఫ్ సహకార మండలిలోని ఆరు దేశాల్లో టెలికాం రంగాన్ని అందరికంటే ముందు పూర్తిగా పోటీకి తెరిచింది ఈ దేశమే. ఇక్కడి మొబైల్ విపణి అంత వేగంగా ఎదగడానికి ప్రధాన కారణాలు రెండు. ఒకటి 2002 నాటి చట్టం, రెండోది వలస. చట్టం ధరలను దించింది. ఊరికి ఫోన్ చేయక తప్పని లక్షల మంది వలస కార్మికులు ఆ లైన్లను నింపారు. వారిలో తెలుగువారూ ఉన్నారు.

తంతి నుంచి ఉపగ్రహం దాకా

1864లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం కరాచీ నుంచి గ్వాదర్, ముసందమ్, బుషెహర్‌ల మీదుగా ఇరాక్‌లోని ఫావ్ దాకా సముద్రగర్భ తంతి తీగ వేయించింది. బహ్రెయిన్ ఆ దారిలో లేదు. ముత్యాల వ్యాపారులు రాసిన ఉత్తరాలు ఓడల్లోనే వెళ్లేవి. 1884లో మనామాలో తెరిచిన తపాలా కార్యాలయం కూడా భారత తపాలా శాఖదే. 1933 నుంచి భారత తపాలా బిళ్లల మీదే బహ్రెయిన్ పేరు ముద్రించి వాడారు. 1965లో దినార్ వచ్చేదాకా ఇక్కడ చెలామణిలో ఉన్నది రూపాయే. బహ్రెయిన్ సమాచార వ్యవస్థకూ మన దేశానికీ సంబంధం కూలీల వలస కంటే చాలా పాతది.

1932 ఈ దీవికి మలుపు. జబల్ దుఖాన్ దగ్గర చమురు పడింది. అదే ఏడాది ఇంపీరియల్ ఎయిర్‌వేస్ తన భారత మార్గాన్ని ఇరాన్ తీరం నుంచి అరబ్బు తీరానికి మార్చి బహ్రెయిన్‌ను మజిలీ చేసుకుంది. చమురు కంపెనీకి, విమానాలకు నమ్మకమైన వార్తా సంబంధాలు కావలసి వచ్చాయి. ఆ పని తర్వాతి దశాబ్దాల్లో ప్రధానంగా బ్రిటన్‌కు చెందిన కేబుల్ అండ్ వైర్‌లెస్ చేతిలో ఉండిపోయింది. 1969లో రాస్ అబూ జర్జూర్ వద్ద ఉపగ్రహ భూకేంద్రం మొదలైంది. అరబ్బు ప్రపంచంలో ఇలాంటి తొలి కేంద్రాల్లో అదొకటి. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది ఆ తర్వాత రెండేళ్లకు, 1971 ఆగస్టులో.

ఒకే కంపెనీ కాలం

1981లో బహ్రెయిన్ టెలికమ్యూనికేషన్స్ కంపెనీ, అంటే బటెల్కో ఏర్పడింది. అందులో ప్రభుత్వానికి, స్థానిక మదుపరులకు వాటాలుండగా కేబుల్ అండ్ వైర్‌లెస్ కూడా భాగస్వామిగా కొనసాగింది. ఆ దశాబ్దంలోనే అనలాగ్ మొబైల్ ఫోన్ వచ్చింది గానీ అది కార్లున్న సంపన్నుల వస్తువు. 1995లో జీఎస్‌ఎం సేవలు, అదే ఏడాది డిసెంబరులో ఇంటర్నెట్ మొదలయ్యాయి. సాంకేతికత విషయంలో బటెల్కో వెనకబడిన సంస్థ కాదు. ధర నిర్ణయించేదీ, సేవ అందించేదీ ఒక్కరే కావడమే అప్పటి చిక్కు. 2000 నాటికి దేశం మొత్తమ్మీద మొబైల్ కనెక్షన్లు సుమారు 2 లక్షలు మాత్రమే.

ఆ ధరల భారం ఎక్కువగా పడింది వలస కార్మికుడి మీద. అప్పట్లో కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారికి ఊరితో సంబంధం ఉత్తరమే. చదువు రానివారు మాటలను క్యాసెట్‌లో రికార్డు చేసి, సెలవు మీద ఇంటికి వెళ్లే తోటివారి చేతికిచ్చి పంపేవారు. ఫోన్ అంటే కార్డు కొనుక్కుని పెట్టె ముందు నిలబడడం. ఇటు మన దేశంలోనూ అంతర్జాతీయ కాల్స్ మీద వీఎస్‌ఎన్‌ఎల్ గుత్తాధిపత్యం 2002 ఏప్రిల్ దాకా సాగింది. తీగకు రెండు చివరలా ఒక్కో కంపెనీయే ఉన్నప్పుడు నిమిషం ధర దిగే దారి ఉండదు.

2002 చట్టం

2002లో 48వ నంబరు శాసనంగా టెలికమ్యూనికేషన్స్ చట్టం వచ్చింది. దాని కింద మన ట్రాయ్‌ని పోలిన స్వతంత్ర నియంత్రణ సంస్థ ఏర్పడింది. 2003లో రెండో మొబైల్ లైసెన్సు కువైట్ కంపెనీ ఎంటీసీకి దక్కింది. అది వొడాఫోన్‌తో పేరు పంచుకుని, ఎంటీసీ వొడాఫోన్‌గా ఆ ఏడాది డిసెంబరులో సేవలు ప్రారంభించింది. 2007లో పేరు మార్చుకుని జెయిన్ అయింది. 2004 జూలై 1 నుంచి మిగతా సేవలన్నీ, అంతర్జాతీయ కాల్స్‌తో సహా, పోటీకి తెరుచుకున్నాయి.

ఇది ఎంత ముందడుగో ఇరుగుపొరుగును చూస్తే తెలుస్తుంది. సౌదీలో, ఒమన్‌లో రెండో మొబైల్ సంస్థ సేవలు మొదలైంది 2005లో. యూఏఈలో రెండో సంస్థ డూ మొబైల్ సేవలు మొదలుపెట్టింది 2007లో. ఖతర్‌లో వొడాఫోన్ వచ్చేసరికి 2009. కువైట్‌కు మాత్రం 1999లోనే రెండో కంపెనీ ఉంది. కానీ మొబైల్‌తో పాటు స్థిర ఫోన్లకు, అంతర్జాతీయ కాల్స్‌కు ఒక స్వతంత్ర సంస్థ ద్వారా లైసెన్సులు ఇచ్చిన తొలి దేశం బహ్రెయినే. చమురు నిల్వలు తక్కువ కావడం, బ్యాంకింగ్ రంగం మీద ఆధారపడడం దీని వెనకున్న ఒత్తిళ్లు. ఫోన్ ఖరీదైన చోట బ్యాంకులు నిలవవు.

మూడో లైసెన్సు కోసం 2009 వేలంలో సౌదీ టెలికాం కంపెనీ 8.67 కోట్ల దినార్లు, అంటే దాదాపు 23 కోట్ల డాలర్లు చెల్లించడానికి ముందుకొచ్చింది. అప్పటికి పన్నెండు లక్షల జనాభా ఉన్న దేశంలో మూడో స్థానానికి అంత ధర! 2010 మార్చిలో వివా పేరుతో సేవలు మొదలయ్యాయి. అదే సంస్థ 2019 చివర నుంచి ఎస్‌టీసీ బహ్రెయిన్. 2011 జూలైలో నంబరు మారకుండా కంపెనీ మార్చుకునే వెసులుబాటు వచ్చాక ముగ్గురి మధ్య పోరు మరింత ముదిరింది.

సిమ్‌లు ఎక్కువ, మనుషులు తక్కువ

2001 జనగణనలో ఆరున్నర లక్షలున్న జనాభా 2010 నాటికి 12,34,571కి చేరింది. అంటే తొమ్మిదేళ్లలో దాదాపు రెట్టింపు. పెరుగుదలలో అధిక భాగం నిర్మాణ రంగానికి, ఇంటి పనులకు, దుకాణాలకు వచ్చిన విదేశీయులది. అదే కాలంలో మొబైల్ కనెక్షన్లు 15 లక్షలు దాటాయి. నూటికి నూరు శాతం మించిన ఈ అంకెను సంపన్నతకు గుర్తుగా చాలామంది చెబుతారు. అది సగం నిజమే. విమానం దిగిన రోజే కార్మికుడు ప్రీపెయిడ్ సిమ్ తీసుకుంటాడు. ఒక కంపెనీలో స్థానిక కాల్స్ చవక, మరో దానిలో ఇండియా ఆఫర్ బాగుంటుంది కాబట్టి జేబులో రెండు సిమ్‌లుంటాయి. సౌదీ వంతెన దాటి వచ్చిపోయేవారు కొన్న సిమ్‌లూ ఈ లెక్కలోకే వస్తాయి. చందాల సంఖ్యను చూసి ఎంతమందికి ఫోన్ ఉందో చెప్పలేం. ఈ దేశంలో చందాల గీత పైకి లేచిందీ వంగిందీ కూలీల రాకపోకలను బట్టే.

లైన్ల నుంచి డేటాకు

ఎంటీసీ వొడాఫోన్ మొదటి నుంచే 3జి సామర్థ్యంతో వచ్చింది. గల్ఫ్ ప్రాంతంలోని తొలి 3జి నెట్‌వర్కుల్లో అదొకటి. అయితే 2004లో 3జి ఫోన్ కొనగలిగినవారు కొద్దిమందే. ఇళ్లకు బ్రాడ్‌బ్యాండ్ కావాలంటే బటెల్కో రాగి తీగలే గతి. ఆ తీగలకు ప్రత్యామ్నాయంగా 2007లో స్థిర వైర్‌లెస్ లైసెన్సులను వేలం వేశారు. మెనా టెలికాం, జెయిన్ వాటిని గెలిచి వైమాక్స్ సేవలు తెచ్చాయి. కిటికీ దగ్గర చిన్న మోడెం పెట్టుకుంటే ఇంటర్నెట్ వచ్చేది. అద్దె గదుల్లో ఉండేవారికి, పది మంది కలిసి బతికేవారికి ఇది బాగా కుదిరింది, గది మారినా మోడెం వెంట వెళ్తుంది గనుక. వైమాక్స్ ప్రపంచమంతటా చల్లబడిపోయింది గానీ, మొబైల్ తరంగాల మీద ఇంటికి ఇంటర్నెట్ అనే అలవాటును అది ఇక్కడ నాటింది. తర్వాత మెనా టెలికాంను వివా కొనేసింది.

4జి 2013లో మొదలైంది. 5జి 2019లో వచ్చింది. దీవి చిన్నది, జనం ఉత్తరాన మనామా, ముహర్రఖ్ చుట్టూ గుమిగూడి ఉంటారు. పెద్ద దేశాలకు ఏళ్లు పట్టే విస్తరణ ఇక్కడ నెలల్లో ముగిసింది.

దీన్ని తెలుగు పాఠకుడు మరో వైపు నుంచి కూడా చూడాలి. మనామాలో 3జి ఉన్నా జగిత్యాల దగ్గరి పల్లెలో లేకపోతే వీడియో కాల్ జరగదు. మన దేశంలో ప్రైవేటు కంపెనీలకు 3జి తరంగాలు దక్కింది 2010 వేలంలోనే. పల్లెల దాకా చవకైన 4జి చేరింది 2016 సెప్టెంబరులో జియో ప్రారంభమయ్యాకే. అక్కడి నుంచి ఐఎంఓ, వాట్సాప్ కాల్స్ గల్ఫ్ వలసజీవికి రోజువారీ సంగతి అయ్యాయి. పొరుగున ఉన్న యూఏఈ ఇంటర్నెట్ కాల్స్‌ను చాలాకాలం కట్టడి చేసింది, బహ్రెయిన్ అంత కఠినంగా వ్యవహరించలేదు. అంతర్జాతీయ కాల్స్ మీద వచ్చే ఆదాయం కరిగిపోయి, కంపెనీల బతుకు డేటా ప్యాకేజీల మీదికి మారింది. ఈ మార్పుకు కారణం బహ్రెయిన్ నియంత్రణ సంస్థ ఎంతో, ఆంధ్ర, తెలంగాణ, కేరళ ఊళ్లలో లేచిన టవర్లూ అంతే.

ఆపివేసిన రాత్రులు

ఈ చరిత్రలో దాచకూడని పుట ఒకటుంది. 2011 ఫిబ్రవరి నిరసనల తర్వాత సమాచార మార్గాల మీద ప్రభుత్వ నిఘా, వెబ్‌సైట్ల నిరోధం పెరిగాయి. 2016 జూన్‌లో షియా మతగురువు ఈసా ఖాసిం పౌరసత్వాన్ని రద్దు చేయడంతో ఆయన ఇల్లున్న దురాజ్ గ్రామంలో జనం బైఠాయించారు. అప్పటి నుంచి నెలల తరబడి ఆ గ్రామంలో సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాటేదాకా మొబైల్ డేటా అందకుండా పోయేది. బహ్రెయిన్ వాచ్ అనే సంస్థ సాంకేతిక పరీక్షలు జరిపి ఇది కావాలని చేస్తున్న అంతరాయమేనని బయటపెట్టింది. పోటీ వల్ల ధర తగ్గుతుంది. ప్రభుత్వం కోరినప్పుడు లైన్ ఆగకుండా ఉండేందుకు మాత్రం పోటీ ఒక్కటే చాలదని దురాజ్ చూపింది.

దీవి దాటిన కంపెనీలు

ఇల్లు ఇరుకైనప్పుడు వాకిట్లోకి మంచం జరుపుకున్నట్టు, స్వదేశంలో వాటా తగ్గేకొద్దీ బటెల్కో బయటికి నడిచింది. 2006లో జోర్డాన్‌లోని ఉమ్నియాను కొనుగోలు చేసింది. 2009లో భారత్‌లోని ఎస్‌టెల్‌లో వాటా తీసుకుంది. ఒడిశా, బీహార్, అస్సాం వంటి సర్కిళ్లలో ఆ సంస్థకు లైసెన్సులుండేవి. 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు 2జి కేసులో రద్దు చేసిన 122 లైసెన్సుల్లో ఎస్‌టెల్‌వీ ఉన్నాయి. బటెల్కో అక్కడి నుంచి వైదొలగింది. మరుసటి ఏడాది మాత్రం చరిత్ర తిరగబడింది. ఒకప్పుడు తనలో వాటాదారుగా ఉన్న కేబుల్ అండ్ వైర్‌లెస్ నుంచే మాల్దీవులు, ఛానెల్ దీవులు, దక్షిణ అట్లాంటిక్ దీవుల టెలికాం వ్యాపారాలను బటెల్కో కొనుక్కుంది.

జెయిన్ మాతృసంస్థ ఆఫ్రికాలో విస్తరించి, 2010లో ఆ నెట్‌వర్కులను భారతీ ఎయిర్‌టెల్‌కు అమ్మింది. గల్ఫ్, భారత టెలికాం కంపెనీలు ఒకరి విపణిలోకి ఒకరు అడుగుపెట్టిన కాలమది.

ఫైబర్, క్లౌడ్

మొబైల్ డేటా ఎంత పెరిగినా చివరికి అది నేలలోని ఫైబర్ మీదే ప్రయాణించాలి. 2016లో ఆమోదించిన నాలుగో జాతీయ టెలికాం ప్రణాళిక దేశమంతటికీ ఒకే ఫైబర్ నెట్‌వర్క్ చాలునని తేల్చింది. దాని ప్రకారం బటెల్కోను విడదీసి 2019లో బీనెట్ అనే ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేశారు. అది ఫైబర్‌ను కంపెనీలన్నిటికీ ఒకే నిబంధనల మీద టోకున ఇస్తుంది. చిల్లరగా అమ్మడం దాని పని కాదు. పోటీ కోసం ఇంత పట్టుబట్టిన దేశం తీగల విషయంలో మళ్లీ ఒకే సంస్థను ఎంచుకోవడం వింతగా తోచవచ్చు. కానీ ఇంత చిన్న దీవిలో మూడు కంపెనీలు మూడుసార్లు రోడ్లు తవ్వితే ఆ ఖర్చంతా చందాదారుడి బిల్లులోకే వస్తుంది.

2019 జూలైలో అమెజాన్ వెబ్ సర్వీసెస్ మధ్యప్రాచ్యంలో తన తొలి డేటా కేంద్రాల సముదాయాన్ని బహ్రెయిన్‌లో తెరిచింది. 2022 చివర్లో బటెల్కో మాతృసంస్థ బియాన్‌గా పేరు మార్చుకుని క్లౌడ్, సైబర్ భద్రత, చెల్లింపుల వ్యాపారాల్లోకి దిగింది. సముద్రగర్భంలో 1998 నాటి ఫైబర్ ఆప్టిక్ గల్ఫ్ కేబుల్, 2006 నాటి ఫాల్కన్, 2012 నాటి గల్ఫ్ బ్రిడ్జ్ ఇక్కడి తీరానికి చేరాయి. 2021లో ప్రకటించిన 2ఆఫ్రికా పెర్ల్స్ శాఖ ప్రణాళికలో బహ్రెయిన్‌తో పాటు భారత్, పాకిస్తాన్ తీరాలూ ఉన్నాయి.