పిలవని పేరంటపు జాబులు

పిలవని పేరంటానికి వచ్చినవారికైనా పీట వేసి కూర్చోబెట్టడం మన మర్యాద. పిలవకుండా వచ్చిపడే జాబులకు ఆ మర్యాద ఎంతవరకు చేయాలన్నదే ఇక్కడి ప్రశ్న. ఈ-మెయిలు పెట్టె తెరిస్తే అప్పు ఇస్తామనేవి, లాటరీ తగిలిందనేవి, చీరలు చవక అనేవి కుప్పగా పడి ఉంటవి. పెన్షను కార్యాలయం వారి జాబో, స్వగ్రామంలోని పొలం తగాదా గురించి వకీలు వ్రాసిన జాబో ఆ కుప్ప అడుగున ఉండిపోతుంది. తరతరాలుగా ఊరికి దూరంగా స్థిరపడిన మా వంటి వారికి ఆ ఒక్క జాబు అందకపోతే కలిగే నష్టం చిన్నది కాదు.

ఇది కంప్యూటర్లతో పుట్టిన జబ్బు అని చాలామంది అనుకుంటారు. కాదు. 1864 మే నెలలో ఒక రాత్రి లండనులోని కొందరు రాజకీయ ప్రముఖుల ఇండ్లకు టెలిగ్రాములు వచ్చినవి. టెలిగ్రాము అంటేనే గుండె దడదడలాడే రోజులవి. విప్పి చూడగా అది గేబ్రియల్ అనే దంతవైద్యుల ప్రకటన! ఒకాయన కోపగించి 'టైమ్స్' పత్రికకు ఫిర్యాదు వ్రాశాడు.

మన దేశంలో ఆ పని పోస్టుకార్డు చేసింది. ఫలానా దేవుని మహిమ ఇది, ఇన్ని కార్డులు వ్రాసి ఇంతమందికి పంపండి, పంపనివారికి కీడు తప్పదు అని వచ్చే గొలుసు ఉత్తరాలను మా తరంవారు మరచిపోయి ఉండరు. సంతకం ఉండదు, బెదిరింపు మాత్రం ఉంటుంది. అయితే ప్రతి కార్డుకూ డబ్బు పెట్టాలి, ప్రతి కార్డునూ చేత్తో వ్రాయాలి. ఆ శ్రమే దానికి కట్ట వేసింది. ఈ-మెయిలు వచ్చి ఆ కట్టను తెంపివేసింది. వేయి జాబులు పంపినా లక్ష పంపినా ఖర్చు ఇంచుమించు ఒకటే. లక్షలో ఒక్కరు వలలో పడినా పంపినవానికి లాభమే. మా దృష్టిలో ఈ కథ అంతటికీ మూలం ఇదే, తక్కినవన్నీ కొమ్మలు.

మొదటి కొమ్మ 1978 మే 3న మొలిచింది. అమెరికా రక్షణశాఖ ధనంతో నడిచిన ఆర్పానెట్ అనే కంప్యూటర్ల అల్లికలో, డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీ ఉద్యోగి గేరీ థర్క్ తమ కొత్త యంత్రాల ప్రదర్శనకు రమ్మని దాదాపు 400 మందికి ఒకేసారి జాబు పంపాడు. చిరునామాలు ఎక్కడివి? అచ్చులో ఉన్న సభ్యుల డైరెక్టరీ లోనివి. ఈ మాట పాఠకులు గుర్తుంచుకోవాలి. దీనితో మాకు పని ఉన్నది.

1994 ఏప్రిల్‌లో ఆరిజోనాకు చెందిన కాంటర్, సీగెల్ అనే వకీలు దంపతులు వేలాది చర్చావేదికలలో ఒకే ప్రకటన గుమ్మరించారు. రుసుము ఇస్తే గ్రీన్‌కార్డు లాటరీకి దరఖాస్తు పెట్టిస్తామన్నది దాని సారాంశం. (గ్రీన్‌కార్డు అన్న మాటకు మన ఇండ్లలో అర్థం చెప్పనక్కరలేదు!) ఇటువంటి జాబులకు స్థిరపడిన 'స్పాము' అనే పేరు 1937లో అమ్మకానికి వచ్చిన డబ్బా మాంసానిది. 1970లో ఇంగ్లండులో ఒక హాస్యనాటికలో ఆ మాటనే పదేపదే అరచి తక్కిన మాటలు వినబడకుండా చేశారు; అందువల్ల ఆ పేరు అతికింది.

అడ్డుకట్టల చరిత్ర కూడా ఉన్నది. 2002లో పాల్ గ్రాహం అనే ఆయన, 18వ శతాబ్దపు థామస్ బేయస్ సంభావ్యతా సూత్రంతో చెత్తను ఏరే పద్ధతికి ప్రచారం తెచ్చాడు. ఏ మాటలు చెత్త జాబులలో ఎక్కువ, ఏవి మంచి జాబులలో ఎక్కువ అని యంత్రమే లెక్కకట్టి నేర్చుకుంటుంది. మనం 'స్పాము' అని గుర్తు పెట్టే ప్రతి జాబూ దానికొక పాఠం. ఊరికే చెరిపివేస్తే అది నేర్చుకునేది లేదు. 2004 జనవరిలో బిల్ గేట్స్ రెండేండ్లలో ఈ బెడద తీరుతుందన్నాడు. తీరలేదు. 2008 నవంబరులో కాలిఫోర్నియాలో మెకోలో అనే ఒక్క సంస్థకు లంకెలు తెంపగానే లోకంలోని చెత్త జాబులు సగానికి పైగా పడిపోయినవి. నెలలు గడిచేసరికి మళ్ళీ లేచినవి.

మన దేశంలో ఫోను ప్రకటనలను ఆపుకోవడానికి 1909 నంబరు ఉన్నది. ఈ-మెయిలుకు అటువంటిది లేదు. కాబట్టి ఇంటి జాగ్రత్తే దిక్కు. బంధువులకు, బ్యాంకుకు ఒక చిరునామా. దుకాణాలకు, పోటీలకు వేరొకటి ఉంచుకోవడం మేలు. తెలిసిన కంపెనీ జాబైతే అందులోని విరమణ మీట నొక్కవచ్చు. 2024 ఫిబ్రవరి నుండి జీమెయిల్, యాహూ వారు పెద్దఎత్తున ప్రకటనలు పంపేవారు ఒక్క నొక్కుతో విరమణకు వీలు కల్పించాలని నిబంధన పెట్టారు. తెలియనివాని జాబులో మాత్రం ఆ మీట జోలికి పోరాదు. ఈ చిరునామాలో మనిషి ఉన్నాడని వానికి మనమే కబురు చేసినట్లవుతుంది. స్పాము అరను వారానికొకసారి తిరగవేయాలి. జీమెయిల్‌లో 30 రోజులు దాటితే అందులోనివి పోతవి, వకీలు జాబైనా సరే.

ఇక ఆ డైరెక్టరీ సంగతి. ఉగాది సంచికల చివర సభ్యుల పట్టిక వేయడం మన సమాజాలలో వాడుక. పిల్ల సంబంధాలకు, ఊరివారిని వెదుక్కోవడానికి అది ఎంత ఉపకారమో మాకు తెలుసు, దానిని మానమనము. ఇంటిపేరు, స్వగ్రామం, ప్రస్తుతం ఉండే పట్టణం అచ్చువేసి, ఈ-మెయిలు, ఫోను నంబర్లు కార్యదర్శి వద్ద ఉంచి, అడిగినవారికి సభ్యుని అనుమతితో ఇవ్వవలసిందని కార్యవర్గానికి మా మనవి. అట్లే, సమావేశపు ఆహ్వానం పంపేటప్పుడు అందరి చిరునామాలూ అందరికీ కనబడే వరుసలో కాక, కనబడని బీసీసీ వరుసలో పెట్టవలసిందని కూడా.