కర్రసాము (కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతం)

కర్రసాము అంటే చేతిలోని కర్రతో దెబ్బ కాచుకోవడం, తప్పనిసరైతే దెబ్బ కొట్టడం నేర్పే విద్య. తమిళంలో దీని పేరు సిలంబం. పల్లెల్లో ‘కంబు’ అన్న మాట ఎక్కువగా వినబడుతుంది; కంబు అంటే కర్రే. తూత్తుకుడి జిల్లాలోని కోవిల్‌పట్టి, దానికి ఉత్తరాన ఉన్న విరుదునగర్, వాటి చుట్టుపట్ల సాత్తూరు, ఎట్టయపురం, కయత్తారు, ఒట్టపిడారం కలిసిన నల్లరేగడి సీమను తమిళులు కరిసల్ కాడు అంటారు. బడిలో తమిళం చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఈ సీమలో చాలా ఉన్నాయి. రాజకంబళం నాయకర్లు, కమ్మవారు, రెడ్లు, దేవాంగులు, అరుంధతీయులు వారిలో ముఖ్యులు. తెలుగువారు ఉత్తరం నుంచి ఈ సీమకు వలస వచ్చిన కథను కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్ గ్రామానికి చెందిన రచయిత కి. రాజనారాయణన్ (1923–2021) ‘గోపల్ల గ్రామం’ నవలలో చెప్పారు.

కర్ర, కొలత, పట్టు

తెలుగులో కర్రకు పనిని బట్టి పేరుంది. నడకకు ఊతమిచ్చేది చేతికర్ర, కొసకు లోహపు తొడుగు వేస్తే పొన్నుకర్ర, పొట్టిగా లావుగా ఉంటే దుడ్డుకర్ర, ఎద్దులను అదిలించేది ములుగర్ర. తమిళంలో చేతికర్రను కైత్తడి అంటారు. ఇవన్నీ ఇంటి మూలన, దొడ్డి గోడకు ఆనించి ఉండే వస్తువులు. సాముకు వాడే కర్ర వేరే ఉంటుంది. మనిషి నిటారుగా నిలబడితే నేల నుంచి కనుబొమల దాకా వచ్చేంత పొడవు, అంటే సుమారు అయిదున్నర అడుగులు, దాని కొలత. కణుపులు దగ్గరగా ఉన్న గట్టి వెదురును ఎంచి, నీట నానబెట్టి, నూనె పట్టించి సిద్ధం చేస్తారు. మూడడుగుల పొట్టి కర్రను సెడికుచ్చి అంటారు. చేతికర్రకు దగ్గరి చుట్టం ఇదే.

విద్యలో మొదట నేర్పేది కర్ర కాదు, అడుగు. దీన్ని కాలడి అంటారు. పాదం ఎటు పడాలో, బరువు ఏ కాలి మీద ఆగాలో ఒంటికి పట్టేదాకా గురువు దెబ్బ నేర్పడు. ఆ తరవాత వీచ్చు (విసురు), అడి (దెబ్బ), కుత్తు (పొడుపు), తడుప్పు (అడ్డు) వస్తాయి. పొడవాటి కర్రను రెండు చేతులా పట్టి ఒంటి చుట్టూ ఆపకుండా తిప్పుతారు. ఆ తిప్పుడు చూడ్డానికి ఆటలా ఉన్నా, దాని లోపల కాపు ఉంది: తిరిగే కర్ర పరిధిలోకి ఎదుటివాడు అడుగు పెట్టలేడు. ఇరుకు సందులో తిప్పడానికి చోటుండదు. అక్కడ పొడుపే శరణ్యం, పొట్టి కర్రే మేలు. వయసు మళ్ళినవారికి ఉపయోగపడేదీ ఈ భాగమే. భుజం బలం తక్కువైనా కొసతో పొడిచి ఎదుటివాణ్ణి దూరంగా నిలిపి, తప్పుకునే దారి చేసుకోవచ్చు. పాత పద్ధతి పోటీల్లో కర్ర కొసకు బూడిదో రంగుపొడో అద్దేవారు. ఒంటి మీద పడ్డ మచ్చలను బట్టి గెలుపు తేల్చేవారు.

తొలి కాలం

దక్షిణ దేశంలో కర్రతో పోరాడే అలవాటు చాలా పాతది. కరిసల్ సీమకు సంబంధించి ఇక్కడ చెప్పుకునే చరిత్ర మాత్రం 16వ శతాబ్దంలో మదురై నాయక రాజ్యంతో మొదలవుతుంది.

విరుదునగర్ ఊరిపేరుకు ఒక స్థలకథ ఉంది. ఊరూరా గెలిచి బిరుదులు మూటగట్టుకున్న ఒక యోధుడు ఇక్కడికి వచ్చి సవాలు విసిరాడనీ, ఊరివాడొకడు అతణ్ణి చంపి ఆ బిరుదులను తీసుకున్నాడనీ, అందువల్ల ఊరికి విరుదుకళ్‌వెట్టి అన్న పేరు వచ్చిందనీ చెబుతారు. తమిళ ‘విరుదు’, తెలుగు ‘బిరుదు’ ఒకే మాట. విరుదుపట్టిగా మారిన ఈ పేరు 1923లో విరుదునగర్ అయింది.

పాళెగాండ్ర కాలం

మదురైని ఏలిన విశ్వనాథ నాయకుడి కాలంలో దళవాయి అరియనాథ ముదలియారు రాజ్యాన్ని 72 పాళెయాలుగా విభజించాడు. పాళెగాడు పన్ను వసూలు చేయాలి, సైన్యం పోషించాలి, ఊళ్ళను కాపాడాలి. ఊరి కాపలాకు కావల్ అని పేరు. చేలో ఆరిన పత్తి, దొడ్డిలో కట్టిన ఎడ్లు, దారిన పోయే బళ్ళు కావలివాడి పూచీ. దానికి ఊరు అతనికి కూలి ఇచ్చేది. రాత్రి కాపలాకు వెళ్ళేవాడి చేతిలో కర్ర ఎప్పుడూ ఉండేది. తెలుగు మూలాలున్న పాళెయాల్లో పాంచాలంకురిచ్చి, ఎట్టయపురం, నాగలాపురం పేరుపొందాయి. పాంచాలంకురిచ్చి పాలకుల వంశనామం గెట్టిబొమ్ము. అదే తమిళ నోట కట్టబొమ్మన్ అయింది. ‘గెట్టి’ తెలుగు మాటేనని వేరే చెప్పనక్కరలేదు.

1798–1801

ఈ నాలుగేళ్ళు కరిసల్ సీమ ఆయుధ చరిత్రను మలుపు తిప్పాయి. 1760 జనవరి 3న పుట్టిన వీరపాండ్య కట్టబొమ్మన్ 1790లో పాళెగాడయ్యాడు. పేష్కషు (కప్పం) బకాయి పేరిట ఈస్టిండియా కంపెనీ కలెక్టరు జాక్సన్ అతణ్ణి ఊరూరా తిప్పి, చివరికి 1798 సెప్టెంబరు 10న రామనాథపురంలో ఎదురుపడ్డాడు. ఆ రోజు కోట వాకిట జరిగిన పెనుగులాటలో లెఫ్టినెంట్ క్లార్క్ చనిపోయాడు. కట్టబొమ్మన్ తప్పించుకున్నాడు. మరుసటి ఏడు సెప్టెంబరు 5న మేజర్ బానర్మన్ పాంచాలంకురిచ్చి కోట మీద పడ్డాడు. తొలి దాడిని కోటవాళ్ళు ధైర్యంగా తిప్పికొట్టారు. తరవాత కోట విడిచి వెళ్ళిన కట్టబొమ్మన్ పుదుక్కోట సీమలో పట్టుబడ్డాడు. 1799 అక్టోబరు 16న కోవిల్‌పట్టికి దక్షిణాన ఉన్న కయత్తారులో, మిగతా పాళెగాండ్రందరినీ పిలిపించి వారి కళ్ళెదుట అతణ్ణి ఉరితీశారు. వెంటనే బానర్మన్ కోటలు పడగొట్టాలనీ, ఆయుధాలు అప్పగించాలనీ ఆజ్ఞలు చాటించాడు.

అయినా పోరు ఆగలేదు. కట్టబొమ్మన్ తమ్ముడు కుమారస్వామి మాటలు సరిగా రానివాడు. జనం అతణ్ణి ఊమైదురై అనేవారు. 1801 ఫిబ్రవరి 2న మారువేషాల్లో వచ్చిన తనవాళ్ళ సాయంతో అతడు పాళయంకోట చెర నుంచి బయటపడ్డాడు. కంపెనీ సైన్యం వెంబడించి వచ్చేసరికి, నేలమట్టం చేసిన పాంచాలంకురిచ్చి మట్టికోట మళ్ళీ లేచి నిలబడి ఉంది. ఇది ఆ సీమ జనం చేతుల గొప్పతనం. మార్చి 31న జరిగిన దాడి విఫలమైంది. మే 24న కర్నల్ ఆగ్న్యూ సేనలు కోటను పట్టుకున్నాయి. శివగంగకు చేరి అక్కడి పాలకులైన మరుదు సోదరులతో కలిసి పోరాడిన ఊమైదురైని నవంబరు 16న పాంచాలంకురిచ్చిలో ఉరితీశారు. అంతకుముందే, అక్టోబరు 24న, మరుదు సోదరులు తిరుప్పత్తూరులో ఉరికంబమెక్కారు.

ఈ యుద్ధంలో కంపెనీ తరఫున పోరాడిన జేమ్స్ వెల్ష్ 1830లో తన సైనిక జ్ఞాపకాలను అచ్చువేశాడు. శత్రువుల పట్ల అతడు చూపిన గౌరవం వల్ల ఆ పుస్తకం ఈనాటికీ చదవదగినది. 1795లో తాను మదురైలో ఉన్న రోజుల్లో చిన్న మరుదే తనకు ఈటె విసరడం, వళరి విసరడం నేర్పాడని వెల్ష్ రాశాడు. వళరి వంపు తిరిగిన విసురుకర్ర. నేర్పరి చేతిలో అది నూరు గజాల లోపు గురి తప్పదని అతని సాక్ష్యం. తనకు విద్య నేర్పిన మనిషినే తరవాత వేటాడవలసి వచ్చిందన్న బాధ ఆ పుటల్లో కనిపిస్తుంది. తంజావూరు ఆయుధశాల నుంచి వచ్చిన దంతపు వళరులు మద్రాసు మ్యూజియంలో చేరాయి.

1801 డిసెంబరు 1న మద్రాసు గవర్నరు ఎడ్వర్డ్ క్లైవ్ వెలువరించిన ప్రకటన ఆయుధధారణను నిషేధించింది. ఈటెలు, తుపాకులు పోయిన ఊళ్ళలో పశువుల వెంట నడిచే మనిషికి కర్ర మిగిలింది. కర్రసాము ఇక్కడ బతికి బట్టకట్టడానికి ప్రధాన కారణం ఇదే అనుకోవాలి. కత్తి ఇంట్లో ఉంటే దానికి జవాబు చెప్పుకోవాలి. ఎద్దులను తోలే కర్రకు, తాత చేతికర్రకు ఎవరూ సంజాయిషీ అడగరు.

19వ శతాబ్దం

ఆ తరవాతి వందేళ్ళలో సాము అమ్మవారి జాతరల్లో, ఊరేగింపుల ముందు ప్రదర్శనగా సాగింది.

చేతికర్ర పద్ధతి

చేతికర్రను ఆత్మరక్షణకు వాడటంపై పద్ధతి ప్రకారం పాఠాలు ఐరోపాలో వెలువడ్డాయి. స్విట్జర్లాండుకు చెందిన పియరీ విగ్నీ చేతికర్ర విద్యను లండన్‌లో నేర్పాడు. బార్టన్ రైట్ దాన్ని తన ‘బార్టిట్సు’ విద్యలో కలుపుకొని 1901లో పియర్సన్స్ మ్యాగజీన్‌లో బొమ్మలతో వ్యాసాలు రాశాడు. వీరి పద్ధతిలో కర్ర పట్టిన చేయి తల కంటే ఎత్తున ఉంటుంది, కొస కిందికి వాలుతుంది. ఎదుటివాడి దెబ్బ కర్ర మీదుగా జారిపోతుంది, వేళ్ళకు తగలదు. భారత పోలీసు శాఖలో పనిచేసిన హెచ్. జి. లాంగ్ ఈ విద్యపై 1923లో ఒక పుస్తకం ప్రచురించాడు. అందులో విగ్నీ బాణీ స్పష్టంగా కనిపిస్తుంది. సిలంబం కర్రను రెండు చేతులా తిప్పి దూరాన్ని కాపాడితే, ఈ పద్ధతి ఒంటిచేత్తో పట్టి పిడికిలిని కాపాడుతుంది. పట్టు వేరైనా, ముందు అడుగు కుదరాలన్న సూత్రం రెండింటిలోనూ ఒకటే.

తెలుగు నేలపై పోలికలు

తెలుగు ఊళ్ళలో ఈ విద్య సాముగరిడీ, తాలింఖానా పేర్లతో దసరా, పీర్ల పండుగ ఊరేగింపుల్లో నిలిచింది. తెలంగాణ రైతాంగ పోరాటంలో కార్యకర్తలు గుత్పలు (కర్రలు) పట్టి తిరిగినందువల్ల ఆంధ్రమహాసభకు పల్లెల్లో గుత్పల సంఘం అన్న పేరు వచ్చింది. కర్నూలు జిల్లా హొళగుంద మండలం దేవరగట్టులో విజయదశమి రాత్రి మాళమల్లేశ్వర స్వామి ఉత్సవ విగ్రహాల కోసం జరిగే బన్ని ఉత్సవంలో నెరణికి, నెరణికితండా, కొత్తపేట ఊళ్ళవారు ఒక పక్క, మిగతా ఊళ్ళవారు మరో పక్క నిలిచి ఇనుప కడియాలు తొడిగిన కర్రలతో తలపడతారు. ఏటా తలలు పగులుతున్నాయి. కాచుకోవడం నేర్పే విద్యకూ ఈ దొమ్మికీ పోలిక కర్ర వరకే.

20వ శతాబ్దం, తరవాత

1956లో వచ్చిన ‘తాయ్‌క్కుప్పిన్ తారం’ మొదలుకొని ఎం. జి. రామచంద్రన్ సినిమాల్లో కర్రసాము తరచుగా కనిపించింది. ఆయన ఆ విద్యను సాధన చేసినవాడు కావడంతో ఆ పోరాటాలకు నిజమైన బిగువు వచ్చింది. బి. ఆర్. పంతులు 1959లో తీసిన కట్టబొమ్మన్ చిత్రం ‘వీరపాండ్య కట్టబ్రహ్మన’గా తెలుగువారికీ చేరింది. పాంచాలంకురిచ్చిలో 1974లో తమిళనాడు ప్రభుత్వం స్మారక కోట కట్టించింది.

సిలంబం ఇప్పుడు పోటీ క్రీడ. ఖేలో ఇండియా పథకంలో చోటు పొంది, 2024 జనవరిలో తమిళనాడులో జరిగిన యువజన క్రీడల్లో ప్రదర్శన క్రీడగా నిలిచింది. ఆడపిల్లలు పెద్ద సంఖ్యలో నేర్చుకుంటున్నారు. ఇది మెచ్చదగిన మార్పు. పోటీల్లో తిప్పుడు వేగానికి వచ్చినంత పేరు పొట్టి కర్ర పాఠాలకు రాలేదు.

చట్టం

1959 ఆయుధ చట్టం ఇంటి పనికీ, సేద్యానికీ మాత్రమే వాడే వస్తువులను ఆయుధాల నిర్వచనం నుంచి మినహాయించింది. అందుకు ఉదాహరణగా లాఠీని, మామూలు చేతికర్రను పేరు పెట్టి చెప్పింది. లోపల కత్తి దాచిన గుప్తికి ఈ మినహాయింపు లేదు; నియమాలు దాన్ని కత్తుల సరసన చేర్చాయి. ఆత్మరక్షణ హక్కు 1860 నాటి శిక్షాస్మృతిలో 96 నుంచి 106 దాకా సెక్షన్లలో ఉండేది. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో అది 34 నుంచి 44 దాకా సెక్షన్లలో ఉంది. కాచుకోవడానికి అవసరమైన దానికంటే ఎక్కువ హాని చేయరాదన్న హద్దు రెండింటిలోనూ ఉంది. పాంచాలంకురిచ్చి వీరజక్కమ్మ జాతర వంటి సందర్భాల్లో జిల్లా అధికారులు జారీచేసే నిషేధాజ్ఞల్లో మాత్రం కత్తి, ఈటెలతోపాటు కర్ర పేరూ ఉంటుంది.