అప్పీలుకు తూనికరాయి



గ్రామపెద్దల మాటతో తీరని తగవు మునసబు కోర్టుకు చేరుట, అచ్చట ఓడినవాడు జిల్లా కోర్టుకును, పిదప హైకోర్టుకును పోవుట మీరెల్లరు ఎరిగినదే. ఈ మెట్లన్నియు తెల్లవారు తెచ్చినవని కొందరందురు. అది సరికాదు. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున కులము, శ్రేణి, పూగము, రాజు నియమించిన సభ అని నాలుగు చెప్పబడినవి; వీనిలో ఒకదానికంటె దాని తరువాతిది బలవత్తరము. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షర ననుసరించి కేతన 13వ శతాబ్దమున తెలుగు పద్యములలో ధర్మశాస్త్రమును రచించెను. కావున అప్పీలు అను మాట క్రొత్తదే కాని భావము ప్రాతది. అయితే కడపటి మెట్టు ఎవరెక్కవచ్చును? నేడు నేను విచారింపదలచినది ఈ ఒక్క ప్రశ్నయే.

మా తాతగారు సంస్కృత పండితులు. వారి బాల్యమిత్రుడొక రైతు చెరువుక్రింది రెండెకరముల మాగాణికై దాయాదులతో ఏండ్లతరబడి వ్యాజ్యమాడి హైకోర్టులో ఓడిపోయెను. దత్తత చెల్లునా చెల్లదా యనునది అందలి ధర్మసందేహము. లండనులోని ప్రీవీ కౌన్సిలునకు పోవచ్చునా యని యడుగగా వకీలు, "నాయనా, నీ సందేహము పెద్దదే, నీ పొలము వెల చిన్నది" అనెనట. ఈ మాట చెప్పునప్పుడెల్ల తాతగారి కంఠము గద్గదమగుచుండెను. వకీలు అబద్ధమాడలేదు. శాసనమే యట్లుండెను.

1833లో బ్రిటిషు పార్లమెంటు ప్రీవీ కౌన్సిలునందు న్యాయసంఘమును శాసనముచే ఏర్పరచెను. ఇచ్చటినుండి పోవు వ్యాజ్యము విలువ పదివేల రూపాయలకు తక్కువ కారాదని 1838లో రాజాజ్ఞ వెలువడెను. 1862 ఆగస్టు 15వ తేదీన మదరాసు హైకోర్టు తెరవబడి, పట్టణములోని సుప్రీంకోర్టునకును, మొఫస్సలు అప్పీళ్లు వినుచుండిన సదర్ అదాలతునకును మారుగా నిలిచెను. 1864లో కోర్టులయందు ధర్మశాస్త్రము చెప్పు పండితుల ఉద్యోగములు తొలగింపబడెను. ఇన్ని మారినను పదివేల తూనికరాయి కదలలేదు. 1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడును దానిని నిలిపియుంచెను. అంతకు తక్కువైన వ్యాజ్యమును తగినదని హైకోర్టు ధ్రువపరచుటయో, కౌన్సిలు ప్రత్యేకానుమతి యిచ్చుటయో లేకపోలేదు. కాని సముద్రములకావల న్యాయవాదిని పెట్టుకొనుటకు రెండెకరముల రైతునకు శక్తి యేది? పిఠాపురము జమీందారీ వ్యవహారములు మాత్రము 1899లోను, 1918లోను అచ్చట తీర్పులు పొందెను.

1949 అక్టోబరు 10వ తేదీన మన వ్యాజ్యములపై ప్రీవీ కౌన్సిలు అధికారము ముగిసెను. 1950 జనవరిలో ఢిల్లీయందు సుప్రీంకోర్టు ఏర్పడెను. దూరము తగ్గెను. అయినను రాజ్యాంగము 133వ అధికరణమున సివిలు అప్పీలునకు ఇరువదివేల రూపాయల విలువ వ్రాయబడెను. ధరలు పెరిగినమాట నిజమే. కాని రాయి రాయిగానే యుండెను. తుదకు లా కమీషను సిఫారసుపై 1972లో 30వ రాజ్యాంగ సవరణ చేయబడి, 1973 ఫిబ్రవరి 27వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. నాటినుండి తూచునది ఆస్తి వెలను గాదు, ప్రశ్నను. వ్యాజ్యమునందు సర్వజనులకు సంబంధించిన ముఖ్యమైన న్యాయప్రశ్న యున్నదనియు, దానిని సుప్రీంకోర్టు తేల్చుట అవసరమనియు హైకోర్టు ధ్రువపరచవలెను. నూటముప్పదినాలుగేండ్లకు పైగా పేదవానికి అడ్డుపడిన కొలత అట్లు తొలగెను.

ద్వారము తెరచినచో చిల్లర తగవులు పెరుగవా యని మీరడుగవచ్చును. ప్రశ్న చిన్నదైనచో త్రోసివేయుడు. అడుగువాడు పేదయని త్రోసివేయరాదు. అయినను ఖర్చు అను వేరొక రాయి మిగిలియున్నది. దానికై 1987లో న్యాయసేవాధికార సంస్థల చట్టము చేయబడి, 1995లో అమలునకు వచ్చెను. స్త్రీలకును, పిల్లలకును, షెడ్యూల్డు కులములవారికిని, తెగలవారికిని ఆదాయముతో నిమిత్తము లేకయే, దాని ప్రకారము ఉచితముగా న్యాయవాది లభించును. జిల్లా జడ్జిగారి అధ్యక్షతన ప్రతి జిల్లాయందును ఈ సంస్థ కలదు.

పెద్దలారా, మీ యూర పేదవాడెవడైనను తీర్పు చేతబట్టుకొని మీ యరుగుమీదికి వచ్చినచో, "నీవల్ల కాదులే" యని పంపివేయకుడు. అప్పీలునకు గడువు కలదు. అది దాటకమునుపే జిల్లా సంస్థకు దారి చూపుడు. మా తాతగారి మిత్రునకు ఆ దారి లేకుండెను.