ఇంటిపై సౌర విద్యుత్తు: రాయితీ సరే.. వైరింగ్ సిద్ధమేనా?

నల్లగొండ - మహబూబ్‌నగర్: ఇంటి పైకప్పుపై సౌర పలకలు అమర్చుకునే గృహ యజమానులకు కేంద్ర ప్రభుత్వం గరిష్ఠంగా రూ.78 వేల రాయితీ ఇస్తోంది. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఏడాదిలో అధిక భాగం ఎండ కాస్తుంది గనుక ఈ పథకం ఇక్కడి వారికి అక్కరకు వచ్చేదే. అయితే ఏళ్ల నాటి వైరింగ్, మొక్కుబడి ఎర్తింగ్, చనిపోయిన పెద్దల పేరిట కొనసాగుతున్న మీటర్లు చాలా ఇళ్లలో అడ్డంకిగా మారుతున్నాయి. దరఖాస్తుకు ముందే వీటిని సరిచేసుకుంటే డబ్బుకు, ప్రాణానికి భద్రత ఉంటుంది.

రాయితీ లెక్క ఇదీ..

ప్రధానమంత్రి సూర్యఘర్ ఉచిత విద్యుత్ పథకం 2024 ఫిబ్రవరి 13న ప్రారంభమైంది. అదే నెల 29న కేంద్ర మంత్రివర్గం రూ.75,021 కోట్ల వ్యయంతో దీనికి ఆమోదం తెలిపింది. దేశవ్యాప్తంగా కోటి ఇళ్లకు సౌర విద్యుత్తు అందించడం లక్ష్యం. పథకం కాలపరిమితి 2026-27 ఆర్థిక సంవత్సరం వరకు.

రెండు కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు రూ.30 వేలు, మూడో కిలోవాట్‌కు రూ.18 వేలు చొప్పున రాయితీ లభిస్తుంది. అంటే ఒక కిలోవాట్‌కు రూ.30 వేలు, రెండింటికి రూ.60 వేలు, మూడింటికి రూ.78 వేలు. అంతకన్నా పెద్ద యూనిట్ పెట్టుకున్నా రాయితీ పెరగదు. నెలకు 150 యూనిట్ల లోపు వాడే ఇంటికి ఒకటి నుంచి రెండు, 150 నుంచి 300 యూనిట్లు వాడే ఇంటికి రెండు నుంచి మూడు కిలోవాట్లు సరిపోతాయన్నది ప్రభుత్వ సూచన. సౌర పరికరాలపై 12 శాతంగా ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి తగ్గింది.

ఈ మొత్తం ముందుగా చేతికి రాదు. యూనిట్ బిగించి, నెట్ మీటరు అమర్చి, విద్యుత్ సంస్థ తనిఖీ పూర్తయిన తరువాత బ్యాంకు ఖాతాలో జమ అవుతుంది. అందాకా ఖర్చు యజమాని పెట్టుకోవలసిందే. అది భారమనుకునే వారికి మూడు కిలోవాట్ల వరకు పూచీకత్తు లేని బ్యాంకు రుణం అందుబాటులో ఉంది.

ఎవరికి లాభం?

ఒక కిలోవాట్ పలకలు రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తాయి. మూడు కిలోవాట్లపై నెలకు సుమారు 360 యూనిట్లు. వానాకాలంలో తగ్గుతుంది, వేసవిలో పెరుగుతుంది.

2022 ఏప్రిల్ నుంచి రాష్ట్రంలో అమలైన ధరల ప్రకారం నెలకు 200 యూనిట్లు వాడిన ఇంటికి విద్యుత్ ఛార్జీ రూ.820. మరొక్క యూనిట్ వాడితే శ్లాబు మారి అది రూ.1,027.70 అవుతుంది. 300 యూనిట్లకు రూ.1,790. ఇలా ఏడాదికి రూ.21 వేలు దాటే ఇంటికి మూడు కిలోవాట్ల యూనిట్ నిజంగా కలిసివస్తుంది. యూనిట్‌కు రూ.2 లక్షలు ఖర్చయిందనుకున్నా రాయితీ పోగా మిగిలే రూ.1.22 లక్షలు సుమారు ఆరేళ్లలో తీరిపోతాయి. పలకల జీవితకాలం పాతికేళ్లు.

గృహజ్యోతి లబ్ధిదారుల సంగతి వేరు. 2024 మార్చి బిల్లుల నుంచి తెల్ల రేషన్ కార్డు గల అర్హులకు 200 యూనిట్ల వరకు ఉచితంగా అందుతోంది. ఏడాది పొడవునా సున్నా బిల్లు వచ్చే ఇంటికి సౌర పలకలతో ఆదా అయ్యేది స్వల్పమే. అప్పు చేసి పెట్టుకోవడం తొందరపాటు అవుతుంది. వేసవిలో కూలర్లు, ఏసీలతో 200 దాటి పూర్తి బిల్లు కడుతున్న కుటుంబాలు మాత్రం పన్నెండు నెలల బిల్లులు ముందేసుకుని లెక్క చూసుకోవాలి.

ఉమ్మడి మహబూబ్‌నగర్ పరిధిలోని నాగర్‌కర్నూల్ జిల్లా వంగూరు మండలం కొండారెడ్డిపల్లిని రాష్ట్ర ప్రభుత్వం సౌర గ్రామంగా ఎంపిక చేసి, ఇంటికి మూడు కిలోవాట్ల చొప్పున పలకలు అమర్చింది. అక్కడ సంస్థల ఆర్థిక సహకారం తోడైంది. సొంత డబ్బుతో పెట్టుకునే వారు ఆ గ్రామంతో పోల్చుకోకుండా తమ లెక్క తాము వేసుకోవడం మంచిది.

ముందుగా మీటరు పేరు

విద్యుత్ సర్వీసు ఎవరి పేరిట ఉంటే దరఖాస్తు వారి పేరిటే ఉండాలి. తండ్రి, తాతల పేరిట ఉన్న సర్వీసును వారసత్వ పత్రాలతో సెక్షన్ కార్యాలయంలో ముందే మార్పించుకోవాలి. మీటరుపై, ఆధార్‌లో, బ్యాంకు ఖాతాలో పేరు ఒకే విధంగా లేకుంటే రాయితీ జమ సమయంలో చిక్కులు వస్తాయి. ఈ రెండు ఉమ్మడి జిల్లాలు దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ (టీజీఎస్పీడీసీఎల్) పరిధిలోనివి. బిల్లుపై ఉండే యూఎస్‌సీ నంబరు దరఖాస్తుకు కీలకం.

మంజూరైన లోడు ఎంత?

పాత ఇళ్లలో అనేకం ఒక కిలోవాట్ లోడుతో తీసుకున్నవే. తరువాత ఒకటిన్నర టన్నుల ఏసీ (సుమారు 1.5 కిలోవాట్లు), గీజరు (2 కిలోవాట్లు), ఒక హార్స్‌పవర్ నీటి మోటారు (0.75 కిలోవాట్) వచ్చి చేరాయి. ఈ మూడే ఒకేసారి నడిస్తే 4.25 కిలోవాట్లు, అంటే 18 ఆంపియర్లకు పైగా కరెంటు పాత తీగల గుండా పోతుంది. తీగలు వేడెక్కి, పైతొడుగు కరిగి నిప్పు అంటుకునేది ఇలాంటి చోటే.

2024 ఫిబ్రవరిలో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం పది కిలోవాట్ల వరకు సౌర యూనిట్లకు సాంకేతిక పరిశీలన లేకుండానే దరఖాస్తు ఆమోదం పొందినట్లు భావిస్తారు. అవసరమైన మేరకు మంజూరు లోడును పంపిణీ సంస్థే పెంచుతుంది. ఇది మీటరు వరకే. మీటరు దాటిన తరువాత ఇంటి లోపలి వైరింగ్ బాధ్యత యజమానిదే.

ఇంట్లో చూసుకోవలసినవి

* పింగాణీ ఫ్యూజులు, వాటిలో చుట్టిన లావు రాగి తీగలు ఉంటే తీసివేసి ఎంసీబీలు పెట్టించాలి. తీగ సామర్థ్యానికి మించిన ఎంసీబీ పెడితే అది ఉన్నా లేనట్లే.
* షాక్ నుంచి కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. ఎంసీబీ ఆ పని చేయదు.
* రాగి తీగ అయితే లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5, ఏసీ, గీజరులకు 4 చదరపు మిల్లీమీటర్లు వాడడం పరిపాటి.
* డిస్ట్రిబ్యూషన్ బాక్సులో సౌర విద్యుత్తుకు ప్రత్యేక ఎంసీబీ పెట్టే ఖాళీ ఉండాలి.

రాతి నేల.. ఎర్తింగ్ సమస్య

ఈ ప్రాంతపు నేల అధిక భాగం గ్రానైటు రాతిపై పలుచగా పరచుకున్న ఎర్ర చల్క. వేసవిలో తడి ఆరిపోతే ఎర్తింగ్ పనిచేయడం తగ్గుతుంది. అడుగు లోతున ఇనుప కడ్డీ దిగ్గొట్టి వదిలేయడం ఎర్తింగ్ కాదు. సౌర పలకల చట్రానికి, ఇంటి ఏసీ కరెంటు వైపునకు, పిడుగు నిరోధకానికి వేర్వేరు ఎర్తింగ్‌లు ఉండాలి. నిరోధం 5 ఓమ్‌లు మించకూడదు. బిగించిన వారి చేత మీటరుతో కొలిపించి, ఆ అంకెను కాగితంపై రాయించుకోవాలి. బొగ్గు, ఉప్పు వేసిన గుంతలో వేసవి పొడవునా నీళ్లు పోయాలి. ఏప్రిల్, మే నెలల్లో ఉరుములతో కూడిన వానలు పడే ప్రాంతం కనుక పిడుగు నిరోధకంపై రాజీ పడరాదు.

కరెంటు పోతే సౌర విద్యుత్తూ ఆగుతుంది

చాలామందికి తెలియని విషయమిది. నెట్ మీటరుతో నడిచే సాధారణ సౌర ఇన్వర్టరు లైనులో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లేకుంటే ఇంటి నుంచి లైనులోకి ఎక్కిన కరెంటు స్తంభంపై పనిచేసే లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. కోతల సమయంలోనూ వెలుగు కావాలనుకుంటే బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టరు పెట్టుకోవాలి. ఖర్చు పెరుగుతుంది, బ్యాటరీలకు అదనపు రాయితీ లేదు.

పైకప్పు, పలకలు

కిలోవాట్‌కు సుమారు వంద చదరపు అడుగుల నీడ పడని స్థలం అవసరం. వేప చెట్టు, నీళ్ల ట్యాంకు, పక్క మేడ నీడ ఒక పలకపై పడినా ఉత్పత్తి తగ్గుతుంది. పలకలు దక్షిణానికి వాలుగా ఉండాలి. సిమెంటు రేకులు, పెంకుల ఇళ్లపై కప్పు బలం చూడకుండా బిగించరాదు. కోతుల బెడద ఉన్న ఊళ్లలో తీగలన్నీ గొట్టాల్లో వేయించాలి. పలకలపై దుమ్మును ఉదయం గాని, సాయంత్రం గాని కడగాలి.

రాయితీ కావాలంటే పలకలు, వాటిలోని ఘటాలు దేశీయంగా తయారైనవే అయి ఉండాలి. ఈ మాట బిల్లుపై రాయించుకోవాలి. పథకం జాతీయ పోర్టల్‌లో నమోదైన విక్రేతనే ఎంచుకోవాలి. కనీసం ముగ్గురి వద్ద ధరలు తీసుకోవాలి. అయిదేళ్ల నిర్వహణ విక్రేత బాధ్యత. రాయితీ ఇప్పిస్తామంటూ ముందుగా రుసుము అడిగే దళారులను నమ్మరాదు.

దరఖాస్తు ఇలా..

పథకం జాతీయ పోర్టల్‌లో రాష్ట్రం, పంపిణీ సంస్థ, సర్వీసు నంబరు, మొబైల్ నంబరుతో నమోదు కావాలి. ఆమోదం వచ్చాక విక్రేతతో ఒప్పందం చేసుకుని యూనిట్ బిగించుకోవాలి. తరువాత నెట్ మీటరుకు దరఖాస్తు చేయాలి. తనిఖీ పూర్తయి ధ్రువపత్రం వెలువడ్డాక బ్యాంకు ఖాతా వివరాలు, రద్దు చేసిన చెక్కు సమర్పించాలి. సందేహాలుంటే సెక్షన్ కార్యాలయంలోని ఏఈని గాని, 1912 నంబరును గాని సంప్రదించవచ్చు.