మోకాలి మార్పిడి ఆపరేషనా? ముందు ఇల్లు సిద్ధం చేసుకోండి

మోకాలి మార్పిడి ఆపరేషన్‌కు తేదీ ఖరారైందా? డబ్బు, పరీక్షలు, కార్డులు అన్నీ చూసుకుంటారు. ఇంటి సంగతి మాత్రం చాలామందికి డిశ్చార్జి రోజే గుర్తొస్తుంది. సాధారణంగా కొద్ది రోజుల్లోనే ఇంటికి పంపేస్తారు. అప్పటికి మీరు వాకర్‌ పట్టుకుని నడుస్తుంటారు. కింద కూర్చోలేరు. ఆ దశలో జారిపడితే కొత్త కీలు దగ్గర ఎముక విరిగి, మళ్లీ ఆపరేషన్ చేయాల్సి రావచ్చు. అందుకే కనీసం వారం ముందే ఈ పనులు పూర్తి చేసుకోండి.

మొదట మరుగుదొడ్డి

మన ఇళ్లలో అసలు ఇబ్బంది ఇక్కడే. కింద కూర్చునే దొడ్డి ఉంటే దానిపై పెట్టుకునే కమోడ్ కుర్చీ తెచ్చుకోండి. సర్జికల్ షాపుల్లో దొరుకుతుంది, కొన్నిచోట్ల అద్దెకూ ఇస్తారు. వెస్ట్రన్ కమోడ్ ఉన్నా మరీ ఎత్తు తక్కువైతే పైన ఎత్తు పెంచే సీటు అమర్చాలి. గోడకు గట్టి పట్టుకొమ్మి బిగించండి. టవల్ రాడ్డు మీ బరువు ఆపదు. స్నానానికి జారని కాళ్లున్న ఎత్తు స్టూలు ఉంచండి. వాకర్ తలుపులోంచి పడుతుందో లేదో కొలిచి చూడండి.

మంచం, కుర్చీ

చాప, నేలపై పరుపు, కుంగిపోయే నవారు మంచం వద్దు. కూర్చుంటే పాదాలు నేలకు ఆనాలి, మోకాళ్లు తుంటి కంటే పైకి లేవకూడదు. కుర్చీకి చేతులుండాలి. మెత్తటి సోఫాలోంచి లేవడం కష్టం. పడుకున్నప్పుడు మోకాలి కింద దిండు పెట్టొద్దు. కాలు పూర్తిగా చాపడం రాకుండా పోతుంది.

నడిచే దారి

పట్టాలు, కాళ్లు తుడుచుకునే గుడ్డలు, ఛార్జర్ తీగలు తీసేయండి. గడప ఎత్తుగా ఉంటే దాటడం ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకోండి. మంచం నుంచి బాత్‌రూమ్ దాకా రాత్రి లైటు ఉండాలి. ఇల్లు తుడిచాక నేల ఆరేదాకా నడవొద్దు. హవాయి చెప్పులకు బదులు మడమ పట్టే చెప్పులు వేసుకోండి. పడక పైఅంతస్తులో ఉంటే కొన్నాళ్లు కిందికి మార్చండి. మెట్లు తప్పనిసరైతే ఎక్కేటప్పుడు బాగున్న కాలు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు వేయాలి.

వంటిల్లు, తోడు

రోజూ వాడే గిన్నెలు, డబ్బాలు నడుము ఎత్తులో సర్దండి. వాకర్‌తో చేతిలో ఏమీ మోయలేరు. తొలి రోజుల్లో ఒకరు తోడుండాలి.

పథకం కింద చేయించుకుంటే

70 ఏళ్లు నిండినవారు ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు తీసుకోవచ్చు. ఆపరేషన్‌కు అది వర్తిస్తుందా, డిశ్చార్జి తర్వాత మందులు ఎన్నాళ్లిస్తారు, వాకర్ ప్యాకేజీలో ఉందా అని ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి.

ఇవి కనిపిస్తే ఆగొద్దు

పిక్కలో నొప్పి, వాపు, జ్వరం, గాయం నుంచి చీము కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పండి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే 108కు ఫోన్ చేయండి.

చివరగా ఒక పరీక్ష. వాకర్ తెచ్చుకుని మంచం నుంచి బాత్‌రూమ్‌కు ఒకసారి వెళ్లి రండి. ఎక్కడ తట్టుకుంటే అక్కడే సరిచేయాలి.